షికాగో చలికాలం: కారు ఎక్కడ పెట్టాలి, మంచు ఎవరు తీయాలి, ఎవరికి ఫోన్ చేయాలి

షికాగోలో చలికాలం మొదలయ్యేది డిసెంబర్ 1న, తెల్లవారుజామున మూడు గంటలకు. ఆ రోజు ఆకాశంలో మబ్బు తునక కూడా ఉండకపోవచ్చు, రోడ్డు పొడిగానే ఉండొచ్చు. అయినా సరే, ఆ నిమిషం నుంచి నగరంలోని పెద్ద రోడ్ల మీద ఆగి ఉన్న కార్లను టో ట్రక్కులు ఎత్తుకెళ్లడం మొదలుపెడతాయి. మొదటి రాత్రే వందకు పైగా బండ్లు పోవడం ఇక్కడ మామూలు సంగతి.

ఆగస్టులో చదువుకని వచ్చి, సెప్టెంబర్‌లో పాత కారు ఒకటి కొనుక్కున్న మన పిల్లలు డిసెంబర్ మొదటి వారంలో ఫోన్ చేసి "అన్నా, కారు కనపడట్లేదు, ఎవరో ఎత్తుకెళ్లారు" అని గొంతు వణుకుతుండగా చెప్పడం చాలాసార్లు విన్నాను. ఎక్కువ సార్లు అది దొంగతనం కాదు. ఒక బోర్డు చదవకపోవడం, అంతే. నెల ఖర్చుల్లోంచి రెండు వందల పైచిలుకు డాలర్లు పోతే ఆ విద్యార్థికి ఎంత కష్టమో నాకు తెలుసు. అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

ముందుగా ఒక మాట. ఇక్కడ చెప్పేదంతా షికాగో నగర పరిధిలో ఉండేవాళ్ల కోసం. నేపర్‌విల్, అరోరా, షాంబర్గ్ లాంటి ఊళ్లలో మనవాళ్లు చాలామంది ఉన్నారు కానీ వాటికి దేని నియమాలు దానివే. అక్కడ ఉండేవాళ్లు తమ ఊరి వెబ్‌సైట్‌లో "స్నో పార్కింగ్" అని వెతికి చూసుకోండి. శనివారం సరుకుల కోసం షికాగోలో మన దుకాణాలుండే డెవాన్ అవెన్యూకు వచ్చినప్పుడు మాత్రం మీకూ షికాగో నియమాలే వర్తిస్తాయి.

ఏ మంచు ఎవరిది

ఈ నగరంలో పడిన మంచుకి హద్దులున్నాయి. అవి తెలిస్తే సగం టెన్షన్ పోతుంది.

రోడ్డు మీద పడింది నగరానిది. స్ట్రీట్స్ అండ్ శానిటేషన్ అనే శాఖ ఆ పని చూస్తుంది. సుమారు మూడు వందల ట్రక్కులు ఉప్పు చల్లుకుంటూ, ముందున్న ప్లౌతో మంచును పక్కకు నెట్టుకుంటూ తిరుగుతాయి. ముందు పెద్ద రోడ్లు, లేక్ షోర్ డ్రైవ్. అవి తేరుకున్నాకే ఇళ్ల మధ్య ఉండే చిన్న వీధులు. అందుకని మంచు ఇంకా కురుస్తుండగానే "మా వీధికి ఎవరూ రాలేదు" అని కంగారు పడకండి. ట్రక్కులు రోడ్డెక్కిన రోజుల్లో నగర వెబ్‌సైట్‌లోని ప్లౌ ట్రాకర్ మ్యాప్‌లో ఏ బండి ఎక్కడ ఉందో చూడొచ్చు. కొన్నేళ్లుగా ఆ ప్లౌలకు పేర్లు పెట్టే పోటీ కూడా నడుస్తోంది. మా ఇంట్లో పిల్లలు కిటికీ దగ్గర నిలబడి ఏ పేరు బండి వస్తుందా అని చూస్తుంటారు.

ఇంటి ముందు సైడ్‌వాక్ మీద పడింది ఆ ఇంటివాళ్లది. దీని గురించి కింద చాలా చెప్పాలి.

ఇళ్ల వెనకాల ఉండే సందులో, అంటే ఆలీలో పడిన మంచును మాత్రం నగరం తీయదు. ఆలీ ఇరుకు. ప్లౌ పెట్టి నెడితే ఆ మంచంతా రెండు పక్కలా ఉన్న గరాజ్ తలుపులకు అడ్డంగా గుట్టపడుతుంది, ఎవరి కారూ బయటికి రాదు. చెత్త బండ్లు తిరిగి తిరిగి చేసిన చక్రాల జాడలే అక్కడ దారి. మీ కారు గరాజ్‌లో ఉంటే, తలుపు ముందు మంచు తీసి ఆ జాడల దాకా దారి చేసుకోవడం మీ పనే.

రోడ్ల విషయంలో ఈ నగరం ఇంత పట్టుదలగా ఉండడానికి ఒక చరిత్ర ఉంది. 1979 జనవరి 13, 14 తేదీల్లో ఇక్కడ సుమారు 20 అంగుళాల మంచు పడింది. అప్పటికే నేల మీద పాత మంచు ఉంది. వీధులు వారాల తరబడి తేరుకోలేదు, రైళ్లు ఆగిపోయాయి, చెత్త పేరుకుపోయింది. ఆ ఫిబ్రవరి నెలాఖరులో, పార్టీ తన అభ్యర్థిని ఎంచుకునే ప్రైమరీ ఎన్నికలో మేయర్ మైకేల్ బిలాండిక్, జేన్ బర్న్ చేతిలో ఓడిపోయారు. ఆమె ఈ నగరానికి మొదటి మహిళా మేయర్ అయ్యారు. మంచు సరిగ్గా తీయకపోతే పదవి పోతుందన్న సంగతి ఆ తర్వాత వచ్చిన ఏ మేయరూ మర్చిపోలేదు.

కారు: రెండు నియమాలు, రెండూ వేరు వేరు

మనవాళ్లు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే. రెండు నియమాలను కలిపి ఒకటే అనుకుంటారు. కాదు.

మొదటిది రాత్రి నిషేధం. డిసెంబర్ 1 నుంచి ఏప్రిల్ 1 దాకా, ప్రతి రోజూ తెల్లవారుజామున 3 నుంచి 7 గంటల వరకు, సుమారు 107 మైళ్ల పొడవున్న ముఖ్యమైన రోడ్ల మీద కారు ఆపకూడదు. మంచు పడిందా లేదా అన్న ప్రశ్నే లేదు. ఎండ కాసిన రోజైనా, క్రిస్మస్ రాత్రైనా అంతే. అత్యవసర బండ్లూ ఉప్పు ట్రక్కులూ బస్సులూ వెళ్లే దారులు ఎప్పుడూ ఖాళీగా ఉండాలన్నది దీని ఉద్దేశం.

రెండోది రెండంగుళాల నియమం. ఇది మరో 500 మైళ్ల రోడ్లకు. వీధిలో రెండు అంగుళాలు, అంటే ఐదు సెంటీమీటర్లకు పైగా మంచు పేరుకుంటే అక్కడ కార్లు ఉండకూడదు. దీనికి గంటల లెక్క లేదు, తేదీల లెక్కా లేదు. మంచు పడిన ప్రతిసారీ అమలు చేయాలనీ లేదు, కానీ చేసిన రోజున "నాకు తెలీదు" అంటే ఎవరూ వినరు.

ఈ రెండూ బోర్డుల మీద రాసే ఉంటాయి. అందుకని నవంబర్ నెలలోనే, ఇంకా వెలుతురుండగానే, ఈ పని చేయండి. మీరు కారు పెట్టే చోటు నుంచి రెండు వైపులా మూల దాకా నడవండి. స్తంభాల మీద ఉన్న ప్రతి బోర్డూ చదవండి, ఫోటో తీసుకోండి. మీ ఇల్లు పెద్ద రోడ్డు మీదే ఉంటే, పక్కనే ఉన్న చిన్న వీధుల్లో ఎక్కడ పెట్టుకోవచ్చో ముందే చూసి పెట్టుకోండి. అక్కడ కొన్ని వీధులు ఆ వీధివాళ్ల పర్మిట్ ఉన్న కార్లకే పరిమితం, ఆ బోర్డులూ చూడాలి. నిషేధం ఉన్న రోడ్ల మ్యాప్ నగర వెబ్‌సైట్‌లో దొరుకుతుంది కానీ, నా మాట వినండి, మ్యాప్ కంటే నడకే మేలు. బోర్డు మీద ఉన్నదే మీకు వర్తిస్తుంది.

పని ముగించుకుని రాత్రి పదకొండింటికి వచ్చి, ఎక్కడా చోటు దొరక్క, "పొద్దున్నే తీసేద్దాంలే" అని పెద్ద రోడ్డు మీద పెట్టేసి పడుకునేవాళ్లున్నారు. మూడు గంటలంటే పొద్దున కాదు, అర్ధరాత్రే. పది నిమిషాలు ఎక్కువ నడవాల్సి వచ్చినా చిన్న వీధిలోనే పెట్టండి.

సరే, అయినా కారు కనపడలేదు. అప్పుడేం చేయాలి?

కంగారులో ముందే దొంగతనం కేసు పెట్టకండి. నగర సేవల నంబర్ 311కి ఫోన్ చేయండి, లేదా నగర వెబ్‌సైట్‌లో టో చేసిన బండ్లను వెతికే పేజీలో మీ నంబర్ ప్లేట్ కొట్టి చూడండి. నగరం బయట ఉన్నా, 311 కలవకపోయినా 312-744-5000కి చేయండి, అదే ఆఫీసు పలుకుతుంది. భారీగా మంచు పడిన రోజుల్లో ప్లౌకి అడ్డుగా ఉన్న కార్లను ఒక్కోసారి పౌండ్‌కు, అంటే టో చేసిన కార్లు ఉంచే చోటికి, తీసుకెళ్లకుండా పక్క వీధిలోకి మార్చేస్తారు. అలా మార్చిన చోటు కూడా అక్కడే తెలుస్తుంది.

కారు పౌండ్‌లో ఉందని తేలితే ఆ రోజే వెళ్లండి. టో ఖర్చు కనీసం 150 డాలర్లు, జరిమానా టికెట్ 60 డాలర్లు, ఆపైన రోజుకి 25 డాలర్ల చొప్పున అక్కడ ఉంచినందుకు అద్దె. మొదటి రోజే 235 డాలర్లు అవుతుంది, వారాంతం దాకా ఆగితే ఇంకా పెరుగుతుంది. డ్రైవింగ్ లైసెన్స్, కారు మీ పేరునే ఉందని చూపే కాగితాలు తీసుకెళ్లండి. రిజిస్ట్రేషన్ కాగితం కారులోనే పెట్టి మర్చిపోవడం మనలో చాలామందికి అలవాటు. దాని ఫోటో ఇప్పుడే ఫోన్‌లో పెట్టుకోండి. కొనేటప్పుడు పేరు మార్పిడి పూర్తి చేయకపోతే ఇక్కడ పెద్ద చిక్కే వస్తుంది, కాబట్టి ఆ పని డిసెంబర్ లోపే ముగించండి.

బోర్డు లేని చోట టో చేశారనో, బోర్డు అసలు కనపడని స్థితిలో ఉందనో మీకు గట్టిగా అనిపిస్తే, ఆ స్తంభాన్ని, చుట్టుపక్కల వీధిని ఆ రోజే ఫోటోలు తీసి టికెట్‌ను సవాలు చేయొచ్చు. ఎలా చేయాలో టికెట్ మీదే ఉంటుంది, గడువూ ఉంటుంది. దాన్ని డ్రాయర్‌లో పడేసి మర్చిపోతే జరిమానా పెరుగుతుంది తప్ప పోదు.

కారు మీద మంచు తీయడానికీ ఒక పద్ధతి ఉంది. స్టార్ట్ చేసే ముందు వెనక్కి వెళ్లి పొగ గొట్టం చుట్టూ ఉన్న మంచు తీసేయండి. అది మూసుకుపోయిన కారులో హీటర్ వేసుకుని కూర్చుంటే కార్బన్ మోనాక్సైడ్ లోపలికి వస్తుంది. దానికి రంగూ వాసనా ఉండవు, ప్రాణం తీస్తుంది. ఇది భయపెట్టడానికి చెప్పడం లేదు, ప్రతి పెద్ద తుఫాను తర్వాతా అమెరికాలో ఎక్కడో ఒకచోట ఈ వార్త వస్తూనే ఉంటుంది. అద్దం మీద వేడినీళ్లు పోయకండి, పగులుతుంది. టాప్ మీద మంచు కూడా దులపండి, లేకపోతే మొదటి బ్రేక్‌కే ముందు అద్దం మీదకు జారుతుంది. తీసిన మంచును రోడ్డు మధ్యకి విసరకండి. పక్కనున్న గడ్డి మీద వేయండి.

సైడ్‌వాక్: మీ వాకిలే అనుకోండి

మన ఊళ్లలో తెల్లవారగానే వాకిలి ఊడ్చి, కళ్లాపి చల్లి, ముగ్గు వేస్తారు. ఆ వీధి పంచాయతీదే కావొచ్చు, కానీ మన గుమ్మం ముందున్న ముక్క మనదే అన్నది అందరికీ తెలుసు. ఎవరి వాకిలి వాళ్లు ఊడిస్తే వీధంతా శుభ్రంగా ఉంటుంది. షికాగోలో సైడ్‌వాక్ నియమం సరిగ్గా ఇదే. తేడా ఏమిటంటే, ఇక్కడ దానికి గడియారం కట్టారు.

పగలు 7 నుంచి సాయంత్రం 7 లోపు పడిన మంచును ఆ రాత్రి 10 గంటల లోపు తీసేయాలి. సాయంత్రం 7 తర్వాత, రాత్రిపూట పడినదాన్ని పొద్దున 10 లోపు తీసేయాలి. ఆదివారం, పండగ అన్న మినహాయింపు లేదు. తీయకపోతే జరిమానా రోజుకి 50 నుంచి 500 డాలర్ల దాకా పడొచ్చు.

దారి కనీసం ఐదు అడుగుల వెడల్పు ఉండాలి. పార వెడల్పు అంత సన్నటి గీత ఒకటి గీసి వదిలేసేవాళ్లు చాలామంది ఉన్నారు. ఐదు అడుగులంటే ఒక చక్రాల కుర్చీ, పక్కన ఒక మనిషి హాయిగా వెళ్లేంత. మీ ఇల్లు మూల మీద ఉంటే రెండు వైపుల సైడ్‌వాక్‌లూ మీవే, రోడ్డు దాటే చోట ఉండే వాలు కూడా మీదే. ఆ వాలు గురించి ప్రత్యేకంగా చెప్పాలి. ప్లౌ వెళ్లినప్పుడు రోడ్డు మంచంతా సరిగ్గా అక్కడే గోడలా పేరుకుంటుంది. వీధి పొడవునా శుభ్రంగా ఉండి, చివర ఆ గోడ దగ్గర చక్రాల కుర్చీలో ఉన్న మనిషి ఆగిపోవడం నేను కళ్లారా చూశాను. పిల్లల్ని స్ట్రోలర్‌లో తోసుకెళ్లే తల్లి అక్కడ రోడ్డు మీదకు దిగి కార్ల మధ్య నడవాల్సి వస్తుంది. ఐదు నిమిషాలు ఎక్కువ పట్టినా ఆ మూల తెరవండి.

అద్దెకు ఉంటున్నాం కదా, మాకెందుకు అని అడుగుతారు. నగర చట్టం యజమాని అని మాత్రమే చెప్పి ఆగదు, అద్దెకున్నవాళ్లనీ ఆ స్థలం ఎవరి అధీనంలో ఉంటే వాళ్లనీ కూడా కలుపుతుంది. పెద్ద అపార్ట్‌మెంట్ భవనాల్లో ఈ పని మేనేజ్‌మెంట్ చూసుకుంటుంది. మన పిల్లలు నలుగురైదుగురు కలిసి తీసుకునే రెండు, మూడంతస్తుల ఇళ్ల దగ్గరే సమస్య. ఓనర్ ఎక్కడో ఉంటారు, కింద వాళ్లు పైవాళ్లు తీస్తారనుకుంటారు, పైవాళ్లు కిందవాళ్లు తీస్తారనుకుంటారు. లీజులో స్నో గురించి ఏం రాశారో చదవండి. ఏమీ లేకపోతే ఓనర్‌కి మెసేజ్ పెట్టి రాతపూర్వకంగా తెలుసుకోండి. పార, ఉప్పు ఎవరు కొనాలో కూడా అప్పుడే అడగండి. మొదటి మంచుకు ముందే కొనాలి, పడ్డ రోజున దుకాణాల్లో పారలు దొరకవు.

ఇక పని ఎలా చేయాలి.

ఎక్కువ పడుతుందని చెప్పినప్పుడు అంతా పడే దాకా ఆగకండి. మూడు నాలుగు అంగుళాలకు ఒకసారి తీస్తే తేలిక. ఇప్పుడే పడ్డ మంచు దూదిలా ఉంటుంది, నాలుగు గంటలు తొక్కుడు పడ్డాక రాయి అవుతుంది. ఎత్తి పోయడం కంటే నెట్టడం మంచిది. ఎత్తాల్సి వస్తే మోకాళ్లు వంచి, పార సగమే నింపి ఎత్తండి, నడుము తిప్పి వెనక్కి విసరకండి. పార మీద వంటనూనె స్ప్రే కొడితే తడి మంచు అంటుకోదు.

తీసిన మంచు వేయాల్సింది మీ పెరట్లో, లేదా సైడ్‌వాక్‌కీ రోడ్డుకీ మధ్య ఉండే గడ్డి మీద. రోడ్డు మీదకి, సైకిళ్ల దారిలోకి, బస్ స్టాప్‌లోకి, పక్కింటి వాకిట్లోకి నెట్టకూడదు. ఇంటి దగ్గర ఫైర్ హైడ్రెంట్ ఉంటే దాని చుట్టూ మూడు అడుగులు ఖాళీ చేయండి. అది ఎవరి పనీ కాదన్నట్టు ఉంటుంది కానీ, నిప్పంటుకున్న రాత్రి ఫైరింజన్ వచ్చాక వాళ్లు మంచు తవ్వుకుంటూ పోగొట్టే నిమిషాలు మీ ఇంటివే కావొచ్చు.

మంచు తీశాకే ఉప్పు. మంచు మీద బస్తా గుమ్మరిస్తే ఉప్పు, డబ్బు రెండూ వృథా. కాఫీ మగ్గు నిండా ఉప్పు తీసుకుంటే సైడ్‌వాక్ పలకలు ఒక పది దాకా సరిపోతుంది. గింజకీ గింజకీ మధ్య ఎడం ఉండాలి. మిగిలిపోయిన గింజల్ని మర్నాడు ఊడ్చి మళ్లీ వాడుకోవచ్చు. ఇక్కడ చల్లిన ఉప్పు చివరికి చేరేది వాగుల్లోకీ నదిలోకీ, ఒకసారి కలిసిందంటే మళ్లీ తీయలేం. మామూలు ఉప్పు సుమారు 15 డిగ్రీల ఫారన్‌హీట్, అంటే మైనస్ 9 సెల్సియస్ కంటే కిందకి పోతే పనిచేయడం మానేస్తుంది. అలాంటి రోజుల్లో కాల్షియం క్లోరైడ్ ఉన్న రకం వాడండి, లేదా జారకుండా కాస్త ఇసుక చల్లండి.

"మేం తీశాక ఎవరైనా జారి పడితే మా మీద కేసు వేస్తారేమో, తీయకుండా ఉంటేనే నయం" అని ఒక మాట మన గ్రూపుల్లో తిరుగుతుంటుంది. ఇల్లినాయ్ రాష్ట్రంలో 1979 నుంచి దీనికోసమే ఒక చట్టం ఉంది. ఇంటి ముందు సైడ్‌వాక్ మీద మంచు తీసినవాళ్ల మీద, వాళ్లు కావాలనో, బొత్తిగా ఒళ్లు తెలియని నిర్లక్ష్యంతోనో చేస్తే తప్ప, అలాంటి కేసు నిలవకుండా అది కాపాడుతుంది. నిశ్చింతగా తీయండి.

ఒక్క విషయంలో మాత్రం జాగ్రత్త. నలభై దాటినవాళ్లు, షుగర్, బీపీ ఉన్నవాళ్లు, గుండె జబ్బు చరిత్ర ఇంట్లో ఉన్నవాళ్లు ఈ పనిని తేలిగ్గా తీసుకోకండి. చల్లగాలికి రక్తనాళాలు బిగుసుకుంటాయి, అదే సమయంలో గుండె మీద హఠాత్తుగా భారం పడుతుంది. మన ప్రాంతపు మనుషుల్లో గుండె జబ్బులు చిన్న వయసులోనే వస్తాయని డాక్టర్లు చెబుతూనే ఉన్నారు. ఏడాది పొడవునా కుర్చీలో కూర్చుని పనిచేసి, నిద్ర లేచీ లేవగానే అడుగు మంచు ఎత్తడానికి దిగకండి. పావుగంట తీసి పది నిమిషాలు లోపలికి రండి. ఛాతీలో, ఎడమ చేతిలో, దవడలో నొప్పి అనిపిస్తే పార అక్కడే వదిలేసి 911కి ఫోన్ చేయండి. ఇండియా నుంచి వచ్చిన నాన్నగారు "నేను చేస్తాలే" అని పార అందుకుంటే ప్రేమగా తీసేసుకోండి.

కుర్చీలు పెట్టిన ఖాళీ చోటు

పెద్ద మంచు పడ్డ మర్నాడు వీధిలో కార్ల మధ్య ఖాళీల్లో పాత కుర్చీలు, బకెట్లు, ఇస్త్రీ బల్లలు కనిపిస్తాయి. దీన్ని ఇక్కడ "డిబ్స్" అంటారు. గంటసేపు కష్టపడి తవ్వి కారు బయటికి తీసినవాళ్లు, తిరిగొచ్చేదాకా ఆ చోటు తమదేనని గుర్తు పెట్టుకోవడం. చట్టం దీన్ని ఒప్పుకోదు, రోడ్డు అందరిదీ. కొన్ని రోజులు గడిచాక ఆ సామాన్లు తీసేయండని నగరం చెబుతుంది, తర్వాత చెత్త బండ్లు వచ్చి ఎత్తుకెళ్తాయి.

నా సలహా సూటిగా చెబుతాను. మీరు కుర్చీ పెట్టకండి. ఇంకొకరు పెట్టిన కుర్చీని తీసి మీ కారూ పెట్టకండి. చట్టం మీ వైపే ఉన్నా, అద్దం పగిలాక, టైర్‌లో గాలి పోయాక ఎవరిని అడుగుతారు? కొత్తగా వచ్చిన వీధిలో రెండు రోజులు కాస్త దూరంలో పెట్టుకోవడమే మేలు.

311: దేనికి ఫోన్ చేయాలి

911 ప్రాణాపాయానికి. మిగతా నగర పనులన్నీ 311. ఫోన్ చేయొచ్చు, యాప్‌లో పెట్టొచ్చు. ప్రతి ఫిర్యాదుకి ఒక నంబర్ ఇస్తారు, అది రాసిపెట్టుకోండి. మళ్లీ ఫోన్ చేసినప్పుడు కథంతా చెప్పక్కర్లేదు.

మంచు ఆగి చాలాసేపైనా మీ వీధికి ప్లౌ రాకపోతే, ఎవరో తమ సైడ్‌వాక్ రోజుల తరబడి తీయకపోతే, ఒంటరిగా ఉండే పెద్దావిడ రెండు రోజులుగా బయట కనపడకపోతే 311కి చెప్పొచ్చు. చివరి దాన్ని వెల్‌బీయింగ్ చెక్ అంటారు, నగరం వాళ్లు వెళ్లి తలుపు కొట్టి చూసి వస్తారు. సైడ్‌వాక్ గురించి ఫిర్యాదు చేసే ముందు ఒక్కసారి ఆ తలుపు మీరే తట్టండి. లోపల కాలు విరిగిన మనిషో, ఆపరేషన్ అయిన మనిషో ఉండొచ్చు. అలాంటప్పుడు ఫిర్యాదు కంటే ఇరవై నిమిషాల సాయం మంచిది.

వయసు పైబడినవాళ్లకి, వైకల్యం ఉన్నవాళ్లకి మంచు తీసిపెట్టడానికి స్నో కోర్ అనే ఏర్పాటు ఉంది. కావాల్సినవాళ్లు 311లో అడగాలి, నగరం దగ్గర పేరిచ్చిన వాలంటీర్లలో ఎవరినైనా కలుపుతారు. వాలంటీర్లు దొరికితేనే సాయం వస్తుంది కాబట్టి దీన్ని గ్యారంటీగా అనుకోకూడదు. యూనివర్సిటీల్లో ఉన్న మన పిల్లలు ఇందులో పేరివ్వాలని నా కోరిక. ఓపిక ఉంది, బలం ఉంది, పార పట్టడం ఒక్క రోజులో వస్తుంది. పక్క వీధిలో ఒక పెద్దాయన పేరుపెట్టి పలకరించే స్థాయికి ఎంత తొందరగా చేరతారో చూస్తారు.

ఇంట్లో వేడి: ఇది మీ హక్కు

సెప్టెంబర్ 15 నుంచి జూన్ 1 దాకా, అద్దె ఇంట్లో వేడి ఓనర్ చేతిలో ఉన్నప్పుడు, పగలు 8:30 నుంచి రాత్రి 10:30 వరకు కనీసం 68 డిగ్రీల ఫారన్‌హీట్, అంటే 20 సెల్సియస్ ఉండాలి. రాత్రి 10:30 నుంచి పొద్దున 8:30 వరకు కనీసం 66. ఇది నగర చట్టం. మీ యూనిట్‌కి విడిగా ఫర్నేస్, అంటే ఇల్లు వేడిచేసే యంత్రం ఉండి, గ్యాస్ బిల్లు మీరే కడుతుంటే ఎంత పెట్టుకోవాలో మీ ఇష్టం. కానీ ఆ ఫర్నేస్ పనిచేసేలా చూడాల్సింది ఓనరే.

ఇల్లు చల్లబడిపోతే పది డాలర్ల థర్మామీటర్ ఒకటి కొని గది మధ్యలో, కిటికీకి దూరంగా పెట్టండి. టైమ్ కనపడేలా ఫోటోలు తీయండి. ఓనర్‌కి ఫోన్ చేసినా, వెంటనే మెసేజ్ కూడా పెట్టండి, నోటి మాటకు సాక్ష్యం ఉండదు. స్పందన లేకపోతే 311కి చెప్పండి, ఇన్‌స్పెక్టర్ వచ్చి చూస్తారు. లీజు పోతుందేమో, వీసాకి ఏమైనా అవుతుందేమో అని భయపడి స్వెట్టర్లు రెండు వేసుకుని ఊరుకునేవాళ్లని చూశాను. ఇంట్లో వేడి అడగడానికీ వీసాకీ సంబంధం లేదు.

వేడి కోసం గ్యాస్ పొయ్యి వెలిగించి వదిలేయడం, అవెన్ తలుపు తీసి పెట్టడం, బొగ్గుల కుంపటి లోపల పెట్టడం ఎట్టి పరిస్థితుల్లోనూ చేయకండి. కారు పొగ గురించి చెప్పిన ప్రమాదమే ఇక్కడా. ఇల్లినాయ్ చట్టం ప్రకారం పడుకునే ప్రతి గదికి 15 అడుగుల లోపు కార్బన్ మోనాక్సైడ్ అలారం ఉండాలి. ఈ రోజే బటన్ నొక్కి చూడండి. స్పేస్ హీటర్ వాడితే పరుపుకీ పరదాలకీ మూడు అడుగుల దూరంలో పెట్టి, నేరుగా గోడ ప్లగ్‌కే కలపండి, ఎక్స్‌టెన్షన్ తీగకి వద్దు.

చలి బాగా ముదిరిన రాత్రి వంటింటి సింక్ కింద అల్మరా తలుపులు తెరిచి, కుళాయిని సన్నటి ధారగా వదలండి. బయటి గోడ పక్కన ఉండే పైపులు గడ్డకట్టి పగలకుండా ఇది కాపాడుతుంది. నీళ్ల మెయిన్ వాల్వ్ ఎక్కడుందో ఇంట్లో అందరికీ తెలిసి ఉండాలి.

చలి మరీ ముదిరినప్పుడు

2019 జనవరి 30న ఇక్కడ మైనస్ 23 డిగ్రీల ఫారన్‌హీట్ నమోదైంది. సెల్సియస్‌లో మైనస్ 31. అలాంటి రోజున వేళ్లు, చెవులు, ముక్కు చివర నిమిషాల్లో మొద్దుబారిపోతాయి. అవసరం లేకపోతే బయటికి వెళ్లకండి, వెళ్తే తలా చేతులూ కప్పుకోండి. ఇంట్లో వేడి పోతే నగరం నడిపే వార్మింగ్ సెంటర్లకు వెళ్లొచ్చు. సౌత్ కెడ్జీ అవెన్యూ మీద 10వ నంబర్లో ఉన్న గార్‌ఫీల్డ్ సెంటర్ ఇరవైనాలుగు గంటలూ తెరిచి ఉంటుంది. పగటిపూట లైబ్రరీలకు వెళ్లి కూర్చున్నా ఎవరూ లేవమనరు. దగ్గర్లో ఏది తెరిచి ఉందో 311 చెబుతుంది. రైలు స్టేషన్లలో ప్లాట్‌ఫామ్ మీద వేడి దీపాలుంటాయి, చాలాచోట్ల బటన్ నొక్కితేనే వెలుగుతాయి.

ఏప్రిల్ 1తో రాత్రి నిషేధం అయిపోతుంది. రెండంగుళాల నియమానికి మాత్రం తేదీ లేదు, సైడ్‌వాక్ నియమానికీ లేదు, వేడి హక్కు జూన్ 1 దాకా ఉంటుంది. ఏప్రిల్‌లో మంచు పడడం ఇక్కడ వింతేమీ కాదు. పారని ఆ నెలాఖరు దాకా గుమ్మం పక్కనే ఉంచండి.